రెయిలింగ్ కింది ఖాళీ చూడు నాయనా

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీస్సులు.

కావలి దగ్గర హైవే పనిలో సైట్ ఇంజనీరుగా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ముప్పై ఏళ్లు రోడ్డు పనులు చేయించినవాణ్ణి కాబట్టి ఒక్క సంగతి నీ చెవిన వేస్తున్నాను.

రోడ్డు అంచున మనం బిగించే డబ్ల్యూ బీమ్ రెయిలింగ్‌ని, అంటే డబ్ల్యూ అక్షరంలా వంచిన ఇనుప రేకు కంచెని, కార్లను ఆపడానికి తయారుచేశారు. పై అంచు నేల నుంచి సుమారు 70 సెంటీమీటర్లు, రేకు వెడల్పు 31. అంటే కింద అడుగుకు పైగా ఖాళీ. మోటారు సైకిలు మీద నుంచి పడ్డ మనిషి జారుకుంటూ పోయి ఆ సందులో దూరతాడు. అక్కడ ఇనుప పోస్టు కాచుకుని ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట నేను దగ్గరుండి బిగించిన వరసలోనే, ఒక మలుపులో, లారీలోంచి పడ్డ పెన్నా ఇసుక మీద జారి ఒక కుర్రాడు కాలు పోగొట్టుకున్నాడు. పోస్టులు నిటారుగా ఉన్నాయా, బోల్టులు బిగిశాయా అని అంతా చూశాను. నేల మీద పడ్డ మనిషి వైపు నుంచి మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఇప్పటికీ ఆ మలుపు దాటేటప్పుడు బస్సులో కళ్లు మూసుకుంటాను.

అందుకే నువ్వు ముందు మలుపుల బయటి వైపు చూడు. బండ్లు ఎక్కువగా జారిపోయేది అటే. అక్కడ పై రేకు కింద, నేలకు దగ్గరగా రెండో రేకు పెట్టించమని అడుగు. అది కాస్త వంగి దెబ్బను తీసుకునేలా ఉండాలి. అలాగని నీ అంతట నువ్వు ఏదో ఒక రేకు తెచ్చి పోస్టుకు వెల్డింగ్ చేయించకు. కారు గుద్దినప్పుడు రెయిలింగ్ పనితీరు మారిపోతుంది. రెండూ కలిపి పరీక్షించినదే కావాలి. స్పెయిన్‌లో హెల్మెట్ పెట్టిన బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో రెయిలింగ్ మీదకు వదిలి చూస్తారు. రోడ్డు రెయిలింగ్‌ల మీద మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 119 (2015), కూడా తెచ్చుకుని చదువు. పై అధికారితో మాట్లాడేటప్పుడు చేతిలో కాగితం ఉంటే నీ మాటకు బలం ఉంటుంది.

రేకుల అతుకులు వాహనాలు వెళ్లే దిశలోనే ఒకదాని మీద ఒకటి పడాలి. తిరగబడితే అంచు వచ్చేవాడికి ఎదురు నిలబడుతుంది. పనివాళ్లు తొందరలో ఇక్కడే తప్పు చేస్తారు, నువ్వే దగ్గరుండి చూసుకో. రెయిలింగ్ చివర చేప తోకలా తెరిచి వదిలేయనివ్వకు.

పక్కనున్న గుంతను మట్టితో పూడ్చి వాలు తగ్గించే వీలుంటే, అసలు రెయిలింగే వద్దని చెప్పు. బండివాడికి అంతకంటే మేలు లేదు. మలుపుల్లో ఇసుక, కంకర రోజూ ఊడ్పించు. కోతల కాలంలో రైతులు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే గట్టిగా అరవకు. వేరే చోటు చూపించి బతిమాలు.

పండక్కి వచ్చినప్పుడు నీ సైట్ ఫోటోలు తీసుకురా. నిలబడి కాదు, నేల మీద కూర్చుని తీసినవి.

మీ పెదనాన్న