చిన్నా, తీగ కోసే ముందు

చిన్నా,

ఉద్యోగం మానేసి నూజివీడు దగ్గర అరెకరంలో దొండ వేస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. "అక్కా, వాడికి నువ్వే చెప్పు" అన్నాడు. వద్దని చెప్తాననుకున్నాడేమో, నేను చెప్పను. మన ఇంట్లో మళ్లీ ఒకడు పందిరి వేస్తున్నాడంటే సంతోషానికి కొంత, భయానికి కొంత రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఈ మాట నీ నోటితో నువ్వు నాకు చెప్పొద్దూ? అంత పరాయిదాన్నయ్యానా?

తెలిసినవి ముందు చెప్పేస్తాను. గుంతకీ గుంతకీ 2 మీటర్లు, అంటే అరెకరానికి దాదాపు 500 గుంతలు. మాగిన పశువుల ఎరువు వెయ్యి. నీళ్లు నిలవనివ్వకు. పందిరికి రాతి స్తంభాలే పాతించు, వెదురైతే చెదలు పట్టి ఒరిగిపోతుంది, ఈ పాదేమో మూడు నాలుగేళ్లు కాస్తుంది. చలికాలంలో కాపు తగ్గితే కంగారు పడకు, కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ చిగురిస్తుంది.

తీగ ముక్కల దగ్గర మాత్రం నా మాట విను.

1994 తొలకరికి మేం మొదటిసారి దొండ వేశాం. కాపు మీదున్న తోటలో తీగ కొనుక్కొద్దామని మీ మావయ్య అన్నాడు. డబ్బు దండగని నేనే అడ్డం పడ్డాను. కాలవ గట్టున కంచె మీద ఏపుగా పాకిన పాదొకటి చూపించాను. ఆకు నిగనిగలాడుతోంది, తీగ పెన్సిలంత లావుంది. నాలుగేసి కణుపులకి కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటాం. దాదాపు అన్నీ బతికాయి. నా నానుతాడు కుదువ పెట్టి రాళ్లూ వైరూ కొన్నాం. శ్రావణం వెళ్లేసరికి పందిరి నిండా తెల్లటి పూలు. వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించుకున్నాను.

కూలికొచ్చే ముసలమ్మ ఒకావిడ పువ్వు కోసి, తిప్పి చూసి, "అమ్మా, ఇవి పోతుపాదులు" అంది. నాకు అర్థం కాలేదు. పక్క ఊరి తోట నుంచి ఇంకో పువ్వు తెప్పించి రెండూ నా అరచేతిలో పెట్టింది. రెండూ అవే అయిదు రేకులు. ఆడపువ్వు అడుగున చిటికెన వేలి గోరంత పచ్చటి పిందె ఉంది. మా పువ్వు అడుగున ఉత్త సన్నటి కాడ. దొండలో ఆడ వేరు, మగ వేరు. ఒక్క పాదు నుంచే కోశాం కాబట్టి పందిరంతా అదే. ఒక్క కాయ కాయలేదు.

మీ మావయ్య మూడు రోజులు పాదులు పీకాడు. నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, చిన్నా. నానుతాడు విడిపించడానికి రెండేళ్లు పట్టింది.

మరుసటేడు ఆయన కాపు మీదున్న తోటకి వెళ్లి, బాగా కాసే పాదులకి ఎర్ర దారం కట్టి వచ్చాడు. తొలకరికి వాటి తీగే కోశాడు. నువ్వూ ఈ నెలలోనే వెళ్లు, కాయ ఉండగానే వెళ్లు. కాయ కొరికి చూడు, చేదుంటే ఆ పాదు వదిలెయ్యి. గింజలతో నారు పోస్తానని మాత్రం అనకు, సగం పోతులే వస్తాయి.

ఇంకొకటి, మందులు. దొండ మూడు నాలుగు రోజులకోసారి కోస్తాం. ఇవాళ కొట్టి ఎల్లుండి కోస్తే ఆ మందు ఎవరి కంచంలోకి వెళ్తుంది? పండు ఈగకి ఎర బుట్టలు కట్టు, పుచ్చిన కాయలు ఏరి గోతిలో పూడ్చు. పందిరి కింద నిలబడి పైకి కొడితే మందు మన మొహం మీదే రాలుతుంది. మీ మావయ్య తువ్వాలు చుట్టుకుని కొట్టేవాడు. ఆఖరి రోజుల్లో ఆయన దగ్గు నువ్వూ విన్నావు. మందు వల్లేనని డాక్టరు చెప్పలేదు. నాకు మాత్రం ఆ దగ్గు తలుచుకుంటే ఆ పందిరే కనిపిస్తుంది. తప్పక కొట్టాల్సి వస్తే మాస్కు, కళ్లద్దాలు పెట్టుకో, నా మీద ఒట్టు.

అమ్మాయి బంగారం జోలికి వెళ్లకు. వైరుకి తక్కువైతే నన్నడుగు.

దారం కట్టే రోజు ముందే చెప్పు, పొద్దున్న బస్సుకి వస్తాను. పువ్వు తిప్పి చూడటం నీకు దగ్గరుండి చూపించాలి.

మీ అత్త