డిసెంబర్‌లో పెళ్ళికి ఇండియా వెళ్తే పాప అటెండెన్స్ సంగతేంటి?

ప్రశ్న: మేం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి పదో గ్రేడ్. డిసెంబర్ రెండో వారంలో మా మరిది పెళ్ళి. టికెట్లు కొనేశాం, 11 స్కూలు రోజులు పోతాయి, ఫైనల్స్ కూడా అందులోనే. అక్టోబర్‌లో ఫ్లూ వచ్చి మూడు రోజులు మానేసింది, డాక్టర్ లెటర్ ఇచ్చాం. ట్రిప్ రోజులు అన్‌ఎక్స్‌క్యూజ్డ్ (స్కూలు ఒప్పుకోని గైర్హాజరు) కిందే రాస్తామని స్కూల్లో చెప్పారు. మావారేమో జ్వరమని మెయిల్ పెట్టేద్దాం అంటున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మా అక్క ఏమీ కాదు, వెళ్ళి రండి అంటోంది. కాలేజీ అడ్మిషన్‌కి దెబ్బ పడుతుందా? అదే ట్రిప్‌లో పాపకి వీసా స్టాంపింగ్ కూడా పెట్టుకుందాం అనుకుంటున్నాం.

జవాబు: ముందు ఆ జ్వరం మెయిల్ సంగతి తేల్చేద్దాం. వద్దండి. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి హాల్ టికెట్ తెచ్చుకున్న తరం మనది కాబట్టి మీవారికి ఆ ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఇక్కడ వరసగా కొన్ని రోజులు రాకపోతే స్కూళ్ళు డాక్టర్ లెటర్ అడుగుతాయి, 11 రోజుల జ్వరానికి అది ఎక్కణ్ణుంచి తెస్తారు? మెహందీ ఫొటోలు పాప ఎలాగూ ఇన్‌స్టాలో పెడుతుంది. పైగా రెండేళ్ళ తర్వాత కాలేజీలకి ఆ అమ్మాయి గురించి రాసి పంపాల్సింది ఆ స్కూలు కౌన్సెలరే, ఆ మనిషి దగ్గర అబద్ధమాడి దొరికిపోతే వచ్చే నష్టం 11 అన్‌ఎక్స్‌క్యూజ్డ్ రోజుల కంటే చాలా ఎక్కువ.

ఇక అసలు విషయం. ఎక్స్‌క్యూజ్డ్ అంటే కారణం మంచిదని, అన్‌ఎక్స్‌క్యూజ్డ్ అంటే చెడ్డదని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు, అందుకే సొంత మరిది పెళ్ళిని కాదంటారా అని మనసు నొచ్చుకుంటుంది. పెళ్ళి గొప్పదా కాదా అని స్కూలు చూడదు. ఆ కారణం తమ జాబితాలో ఉందా, దానికి కాగితం వచ్చిందా, ఇంతే. టెక్సస్ జాబితాలో మతపరమైన పర్వదినాలు ఉన్నాయి, వాటికి వెళ్ళి రావడానికి ప్రయాణపు రోజులు కూడా ఇస్తారు, కానీ పెళ్ళి పర్వదినం కాదు కాబట్టి 'రిలిజియస్ ఫంక్షన్' అని రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సిటిజన్‌షిప్ కాగితాల కోసం ప్రభుత్వ ఆఫీసుకి వెళ్ళడం ఉంది, వీసా స్టాంపింగ్ మాత్రం ఆ పేరుతో లేదు. అయితే అదే చట్టంలో ఇంకో దారి ఉంది: టీచర్, ప్రిన్సిపల్ లేదా సూపరింటెండెంట్ ఒప్పుకున్న ఏ కారణమైనా ఎక్స్‌క్యూజ్డ్ అవ్వొచ్చు. మీకు ఫోన్లో జవాబు చెప్పింది బహుశా అటెండెన్స్ క్లర్క్ అయ్యుంటారు, ఆవిడకి ఆ అధికారం లేదు. అడగాల్సింది ప్రిన్సిపల్‌ని.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని లెక్క చెప్తాను. సెలవు ఎక్స్‌క్యూజ్డ్ అయినంత మాత్రాన పాప ఆ రోజు క్లాసులో ఉన్నట్టు కాదు. టెక్సస్‌లో ఒక క్లాసుకి క్రెడిట్ (ఆ సబ్జెక్టు పూర్తి చేసినట్టు గుర్తింపు) రావాలంటే ఆ క్లాసు జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరుండాలి. జాబితాలో ఉన్న మతపరమైన పర్వదినాలు, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి వెళ్ళి అదే రోజు మళ్ళీ క్లాసుకి రావడం లాంటివి హాజరుగానే లెక్కేస్తారు గానీ, ఫ్లూతో ఇంట్లో పడుకున్న రోజులు మాత్రం డాక్టర్ లెటర్ ఉన్నా మామూలుగా గైర్హాజరు కిందే పోతాయి. సెమిస్టర్‌కి సుమారు 85 రోజులు అనుకుంటే మానెయ్యగలిగింది ఎనిమిది రోజులు. ఫ్లూ మూడు తిన్నది. మిగిలింది ఐదు. మీరు 11 వాడదామంటున్నారు. మొత్తం 14 అయితే హాజరు 84 శాతం దగ్గరికి వస్తుంది. 75కీ 90కీ మధ్య ఉంటే క్రెడిట్ ఊరికే పోదు, ప్రిన్సిపల్ ఇచ్చే ప్లాన్ ప్రకారం ఆ పని పూర్తి చేసి తెచ్చుకోవచ్చు, అంటే జనవరిలో కొత్త సెమిస్టర్ పాఠాల మీద పాత సెమిస్టర్ బాకీ కూడా. 75 కంటే తగ్గితే అటెండెన్స్ కమిటీ ముందుకి వెళ్ళాల్సిందే.

ట్రూయెన్సీ, అంటే సరైన కారణం లేకుండా బడి మానెయ్యడం, దాని కోర్టు భయం గురించి రెండు ముక్కలు. ఆరు నెలల్లో పది లేదా అంతకు మించి అన్‌ఎక్స్‌క్యూజ్డ్ రోజులుంటే టెక్సస్‌లో విషయం కోర్టు దాకా వెళ్ళే వీలుంది, మీ 11 ఆ గీత దాటేస్తాయి. 2015 తర్వాత పిల్లల మీద అది క్రిమినల్ కేసు కాదు, దానికి ముందు స్కూలు తన వంతు ప్రయత్నాలు చేయాలి కూడా. ఇంటికి వార్నింగ్ లెటర్ వచ్చినంత మాత్రాన కేసు పెట్టారని కాదు. అలాగని చెత్తబుట్టలో వెయ్యకండి, జవాబు రాయండి.

మీ అక్కగారి మాటకి వస్తే, ఆవిడ ఉన్న రాష్ట్రంలో రూలు ఇంకా గట్టిది. కాలిఫోర్నియాలో సరైన కారణం లేకుండా ఏడాదిలో మూడు పూర్తి రోజులు మానేసినా, మూడుసార్లు అరగంట కంటే ఆలస్యమైనా, చట్టం లెక్కలో ట్రూయెంటే. అక్కడ చాలామంది ట్రిప్‌కి ముందే ఇండిపెండెంట్ స్టడీ కాంట్రాక్ట్ (బడికి రాకుండా ఆ రోజుల పని సొంతంగా చేస్తామని స్కూలుతో ఒప్పందం) రాయించుకుని వెళ్తారు కాబట్టి ఆవిడకి 'ఏమీ కాలేదు'. ఇలినాయిలో మళ్ళీ వేరే లెక్క. ఒక రాష్ట్రం అనుభవం ఇంకో రాష్ట్రంలో పనికిరాదు. స్కూళ్ళకి ఇంత పట్టుదల ఎందుకంటారా, టెక్సస్, కాలిఫోర్నియా రెండు చోట్లా రాష్ట్రం ఇచ్చే డబ్బు రోజువారీ సగటు హాజరుని బట్టి వస్తుంది. పాప రాని రోజు వాళ్ళకి కూడా నష్టమే.

కాలేజీ అడ్మిషన్ గురించి మీరు పడుతున్న టెన్షన్ సగం అనవసరం. చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో ఎన్ని రోజులు మానేశావని అడిగే గడి లేదు. కానీ మార్కులు కనిపిస్తాయి. టెక్సస్‌లో అవి క్లాస్ ర్యాంకులోకి వెళ్తాయి, ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఆ ర్యాంకు మీదే నడుస్తుంది, మామూలుగా టాప్ 10 శాతం, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్‌కైతే 2026 ఫాల్ నుంచి టాప్ 5 శాతమే. అంత పోటీ ఉన్నచోట పదో గ్రేడ్ కెమిస్ట్రీ ఫైనల్ తప్పితే ఆ దెబ్బ ర్యాంకులో తెలుస్తుంది. అన్‌ఎక్స్‌క్యూజ్డ్ రోజు వచ్చిన టెస్టుకి కొన్ని స్కూళ్ళు మళ్ళీ అవకాశం ఇవ్వవు, ఇచ్చినా మార్కులు కోస్తాయి. ఎక్స్‌క్యూజ్డ్ అయితే పని పూర్తి చెయ్యడానికి మామూలుగా తగిన గడువు ఇస్తారు. ఆ తేడా కోసమే ఎక్స్‌క్యూజ్డ్ కావాలి మీకు.

నన్నడిగితే, పాపని ఐదు స్కూలు రోజులే తీసుకెళ్ళండి. శుక్రవారం రాత్రి బయల్దేరి, పెళ్ళి చూసి, ఆ పై వారాంతానికి మీవారితో తిరిగి వచ్చేస్తుంది, ఫైనల్స్ రాస్తుంది, మీరు ఉండి నెమ్మదిగా రండి. టికెట్ మార్చడానికి డబ్బు పోతుంది, నాకు తెలుసు. 90 శాతం గట్టెక్కుతుంది, పది రోజుల గీతా దాటదు.

ఇది కుదరాలంటే పాప పాస్‌పోర్టులో వీసా స్టాంపుకి ఇంకా గడువుండాలి. ఉంటే స్టాంపింగ్‌ని ఈ ట్రిప్‌లో కలపకండి, వేసవి సెలవులకి పెట్టుకోండి. గడువు అయిపోయి ఉంటే స్టాంపింగ్ అవకుండా తిరిగి రాలేదు, 221(జి) స్లిప్ (వీసా ఇప్పుడే ఇవ్వలేం, ఇంకా పరిశీలించాలి అనే కాగితం) చేతిలో పెట్టి వారాల తరబడి ఆపేసిన కుటుంబాలు మీకూ తెలిసే ఉంటాయి. అలా ఇరుక్కుంటే 75 శాతం కూడా నిలవకపోవచ్చు, వరసగా రాని రోజులు బాగా పెరిగితే కొన్ని డిస్ట్రిక్టుల్లో పేరు తీసేసి మళ్ళీ ఎన్‌రోల్ అవ్వమంటారు. గడువు అయిపోయిన స్టాంపుతో డిసెంబర్‌లో పాపని తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు, ఆ వయసు పిల్ల ఇక్కడ నమ్మకమైన బంధువుల ఇంట్లో ఉండే వీలుంటే అది కూడా ఆలోచించండి.

ఏ ప్లాన్ ఎంచుకున్నా ఈ వారమే ప్రిన్సిపల్‌కి మెయిల్ పెట్టండి, కౌన్సెలర్‌నీ అటెండెన్స్ ఆఫీసునీ కాపీలో పెట్టి. పెద్ద కథ వద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, దగ్గరి బంధువు పెళ్ళి అని, శుభలేఖ, టికెట్ జతచేసి, ఫలానా రోజులకి ఎక్స్‌క్యూజ్డ్ ఇవ్వగలరా అని సూటిగా అడగండి. కాదంటే వాదించకండి, ఆ రోజుల టెస్టులు ఎప్పుడు రాయాలో మాత్రం రాతపూర్వకంగా తెప్పించుకోండి. టీచర్లకి మాత్రం పాపే రాయాలి, మీరు కాదు, ఒక్కొక్కరికీ విడివిడిగా, కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న వారం ఏదో ముందు చూసుకుని మరీ, ఎందుకంటే వర్క్‌షీట్ అయితే విమానంలో కూర్చుని చేసెయ్యొచ్చు, ల్యాబ్ అలా కుదరదు.