కుటుంబ వ్యాపారం తరతరాలు నిలవాలంటే వారసుల్లో ఏ నైపుణ్యం ఉండాలి?

ఉన్నదాన్ని నడపడం కాదు, కొత్తది మొదలుపెట్టగలగడం. వ్యాపారం పెట్టినవాళ్లకు ఆ సత్తా అవసరం కొద్దీ వస్తుంది. వారసుల చేతికి మాత్రం నడుస్తున్న వ్యాపారం, అలవాటైన కస్టమర్లు వస్తారు కాబట్టి రిస్క్ తీసుకోవాల్సిన పనే కనబడదు. మార్కెట్ మారినప్పుడు అక్కడే దెబ్బ తగులుతుంది.

వీడియో గేముల కంపెనీ నింటెండోనే తీసుకోండి. 1889లో జపాన్‌లో పేకముక్కల తయారీతో మొదలైంది. 1949లో పగ్గాలు అందుకున్న హిరోషి యమౌచి వ్యవస్థాపకుడి మునిమనవడు. టాక్సీలు, ఇన్‌స్టంట్ అన్నం లాంటివి ప్రయత్నించి చేతులు కాల్చుకున్నాడు. చివరికి బొమ్మలు, వీడియో గేములు నిలబెట్టాయి. పేకముక్కలనే పట్టుకుని కూర్చుని ఉంటే ఆ పేరు మనదాకా వచ్చేదా అన్నది అనుమానమే.

అలాగని దూకుడు ఒక్కటే చాలదు. జపాన్‌లోనే 578లో మొదలైన కాంగో గుమి అనే ఆలయ నిర్మాణ సంస్థ సమర్థులైన అల్లుళ్లను దత్తత తీసుకుని మరీ పేరు నిలుపుకుంది (రక్తసంబంధం కన్నా పనితనానికి విలువిచ్చారన్నమాట). అలాంటిది దూకుడుగా చేసిన అప్పుల భారంతో 2006లో మరో కంపెనీ చేతికి వెళ్లింది.

ఈ నైపుణ్యం క్లాసులో వినేస్తే రాదు. వారసులను కొన్నాళ్లు బయట ఉద్యోగం చేయనివ్వాలి. తర్వాత ఒక చిన్న విభాగాన్ని లాభనష్టాలతో సహా అప్పగించాలి. పెద్దవాళ్లకు అసలు కష్టం అక్కడే: నష్టం వచ్చినా వెంటనే జోక్యం చేసుకోకుండా ఉండాలి. నష్టానికి ముందే ఒక హద్దు పెట్టుకుంటే ఆ టెన్షన్ కాస్త తగ్గుతుంది.