మూపురం చూసి మనసు పారేసుకోకండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ వచ్చాం. ఈ మధ్య ఉత్తరాన గ్రేసన్ కౌంటీలో 15 ఎకరాలు కొన్నాం. మాంసపు ఆవులు మేపితే భూమి పన్ను తగ్గుతుందని అందరూ అంటున్నారు. బ్రాహ్మన్ ఆవులు అచ్చం మన ఒంగోలు ఆవుల్లాగే ఉన్నాయి, అవే కొందామని మా ఆవిడ అంటోంది. ఆంగస్ మేలని ఆఫీసులో ఒకాయన అన్నాడు. ఏది కొనాలి అన్నా? జీవితమంతా వ్యవసాయం చేసిన మా నాన్న వచ్చే వేసవిలో ఇక్కడికి వస్తున్నారు, ఆయన సాయం కూడా ఉంటుంది.

జవాబు: తమ్ముడూ, బ్రాహ్మన్ వద్దు. ఆ మాటకొస్తే మొదటిసారికి ఏ శుద్ధ జాతీ వద్దు. ఆంగస్, హెర్‌ఫోర్డ్ కలిసిన సంకరం ఆవులు ఉంటాయి, ఒళ్లంతా నలుపు, ముఖం తెలుపు. అలాంటివి మూడు కొనండి. రెండు మూడు ఈతలు ఈని, మళ్లీ చూడితో ఉన్నవి, మనిషిని చూసి పరుగు తీయనివి. మీ భూమికి నాలుగు మైళ్ల లోపల పెరిగినవైతే మరీ మంచిది.

మీ ఆవిడ కళ్లు ఆమెను మోసం చేయలేదు. బ్రాహ్మన్ మన పశువుల సంతతే. ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ పశువులు అమెరికా చేరి, ఇక్కడి ఆవులతో కలిసి తయారైన జాతి అది. 1924లో హ్యూస్టన్‌లో దాని పెంపకందారులు సంఘం పెట్టుకున్నారు. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లాదిగా తిరిగేవి కూడా ఒంగోలు రక్తమే. ఎండను ఓర్చుకుంటుంది, పిడుదులను లెక్కచేయదు, నాసిరకం గడ్డితోనూ ఒళ్లు నిలుపుకుంటుంది. హ్యూస్టన్ చుట్టుపక్కల తీరంలో ఉక్కపోతకు ఆ రక్తం ఎంతో కొంత లేకపోతే మంద నిలవదు.

కానీ మీరున్నది తీరంలో కాదు, ఒక్లహోమా సరిహద్దులో. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను గురించి అక్కడి పాతకాపులను ఎవరినైనా అడగండి. పలుచని వెంట్రుకల ఆవుకు అలాంటి రాత్రులు నరకం. రెండో చిక్కు బజారులో. దూడను వేలానికి తోలితే కొనేవాడు ముందు చూసేది చెవి, గంగడోలు, మూపురం. అవి మరీ స్పష్టంగా కనిపిస్తే ధర తగ్గిస్తాడు. ఆ రక్తం పెరిగేకొద్దీ మాంసం గట్టిగా ఉంటుందన్నది వాళ్ల లెక్క. సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ ముద్రకు మూపురం 2 అంగుళాలు దాటకూడదన్న నియమమే ఉంది. మన ఊళ్లో ఏరువాక పున్నమి నాడు పసుపు రాసి మురిసిపోయే మూపురం ఇక్కడ డాలర్లు కోస్తుంది. అంతగా మనసు లాగితే ఎనిమిదింట మూడు వంతులు బ్రాహ్మన్, మిగతా అయిదు వంతులు ఆంగస్ అయిన బ్రాంగస్ ఉంది. అందులో సాధువైనది దొరికితే ఒకటి పెట్టుకోండి, కాదనను. ఊరి నుంచి పుంగనూరు ఆవును తెప్పించుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. గాలికుంటు వ్యాధి ఉన్న దేశాల నుంచి బతికున్న పశువులను అమెరికా రానివ్వదు.

ఇక భూమి. గ్రేసన్ కౌంటీలో చాలా భాగం నల్లమట్టి. నర్సంపేట పత్తి రైతుకు రేగడి గురించి నేను చెప్పాలా? వానకు కాలు దిగబడుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. మంచి బెర్ముడా గడ్డి ఉన్న చోట ఆవుకూ దూడకూ కలిపి మూడు నాలుగు ఎకరాలు కావాలి. పట్టించుకోని బీడైతే ఎనిమిది, పది కూడా చాలవు. అందుకే మూడు ఆవులన్నాను. ఇక్కడి ఆవు 500 నుంచి 600 కిలోలు తూగుతుంది, ఎండు లెక్కన రోజుకు 12 నుంచి 14 కిలోల మేత తింటుంది. వాన మొహం చాటేసిన ఏడు గడ్డి చుట్టలు కొనాల్సిందే. ఆ ఏడు మీ దగ్గర ఏ జాతి ఉందన్నది ఎవరికీ పట్టదు, ఎన్ని నోళ్లున్నాయన్నదే లెక్క.

మీ పొలం గట్ల మీద జాన్సన్ గడ్డి తప్పకుండా ఉంటుంది. అది మన జొన్నకు దాయాది. బెట్టకు వాడిన జొన్న పిలకలు మేసి పశువు పడిపోవడం మీ నాన్నకు తెలుసు. ఇదీ అంతే, అదే విషం. బెట్టలోనూ, తొలి మంచు పడిన తర్వాతా ఆ గడ్డిలోకి ఆవులను వదలకండి. పూర్తిగా ఎండాక ఆ భయం తగ్గుతుంది.

సంకరమే ఎందుకన్నానంటే, రెండు జాతులు కలిసిన ఆవు తల్లిగా బాగుంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది, ఏటా చూడి కడుతుంది. ఆంగస్‌కు కొమ్ములుండవు, దూడ చిన్నదిగా పుడుతుంది, వేలంలో నల్లతోలుకు గిరాకీ. హెర్‌ఫోర్డ్‌ది నెమ్మది స్వభావం, కానీ కంటి రెప్పలు తెల్లగా ఉండేవాటికి ఎండవల్ల కంటి జబ్బులు ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటును ఇంకొకటి కొంత పూడుస్తుంది. షారోలే, సిమెంటల్ వంటి భారీ జాతుల్లో దూడ పెద్దది, అర్ధరాత్రి ఈత కష్టమైతే మీరేం చేస్తారు? లాంగ్‌హార్న్ ఫొటోకు బాగుంటుంది, దాని దూడకు ధర రాదు. డెక్స్‌టర్ చిన్నది, ముచ్చటైనది, ఇంటి మాంసానికి పెంచుకునేవారికి సరిపోతుంది, వేలంలో మాత్రం అడిగేవాడుండడు.

ఆబోతును కొనకండి. ఒక ఆబోతు 20, 25 ఆవులకు సరిపోతుంది. మూడింటి కోసం దాన్ని మేపడం డబ్బు దండగ, పైగా ప్రమాదం. పొరుగు రైతు దగ్గర ఎద కాలానికి తెచ్చుకోండి, లేదా కృత్రిమ గర్భధారణ సూది చేయించండి. దూడ చిన్నదిగా పుట్టించే ఆంగస్ వంశమని రుజువు అడగండి. తొలిచూలు పెయ్యలు చవకగా వచ్చినా వద్దు. మొదటి ఈతలో పెయ్యా కొత్తదే, మీరూ కొత్తవారే. కొనడం కూడా వేలంలో కాకుండా రైతు ఇంటి దగ్గరే చేయండి, వేలానికి వచ్చేది చాలాసార్లు ఎవరో వదిలించుకునే పశువు. పొదుగు, గిట్టలు, పళ్లు, కళ్లు చూడండి. చూడి కట్టినట్టు పశువైద్యుడి చేత చేయి పెట్టి చూపించుకున్నాకే డబ్బివ్వండి.

కొనడానికి ముందు ఇంట్లో కూర్చుని ఒక మాట తేల్చుకోవాలి. ఇది మాంసం కోసం పెంచే పశువు. మన జిల్లాల్లో తినేవారున్నారు, తినని వారున్నారు, ఎవరి ఇంటి ఆచారం వారిది. కానీ తినని ఇంట్లో కొందరు “మేం దూడనే కదా అమ్మేది” అని సర్దుకుంటారు. ఆ దూడ ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. ఈనడం మానేసిన ముసలి ఆవు మాటేమిటి? దాన్ని చచ్చేదాకా మేపుతామంటే మూడింట ఒకటి ఎప్పుడూ ఖాళీగా గడ్డి తింటుంటుంది. అది మీకు ఇష్టమైతే మంచిదే, లెక్కలో రాసుకోండి. ఆ బాధ పడలేమంటే వేరే దారులున్నాయి. గడ్డి పెంచి కోయించినా, భూమి పన్ను తగ్గించే వ్యవసాయ మదింపు వస్తుంది. 5 నుంచి 20 ఎకరాల లోపు భూమికి తేనెటీగలతోనూ వస్తుంది.

మదింపు గురించి విన్నదంతా నమ్మకండి. గడిచిన 7 ఏళ్లలో 5 ఏళ్లు ఆ భూమి సాగులోనో మేతలోనో ఉండాలి. పాత యజమానికి ఉన్నా, మీ పేరు మీద మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, మామూలు గడువు ఏప్రిల్ 30. ఎన్ని ఎకరాలకు ఎన్ని పశువులుండాలో కౌంటీ మదింపు కార్యాలయం చెబుతుంది, ఒక్కో చోట ఒక్కో లెక్క. రేపు అక్కడ ఇళ్లు కట్టాలనుకుంటే వెనకటి 3 ఏళ్ల పన్ను తేడా కక్కాలి. ఇంకొకటి, మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్ 1బీ అయితే పని చేసే అనుమతి మీ కంపెనీ వరకే. భూమి కొనుక్కోవచ్చు గానీ, మీరే మందను నడిపి దూడలమ్మి సంపాదించడం వేరే సంగతి. ఆవు కంటే ముందు ఇమిగ్రేషన్ వకీలును చూడండి. గ్రీన్ కార్డు వచ్చేదాకా పొరుగు రైతుకు మేతకు కౌలుకిస్తే మదింపూ నిలుస్తుంది, ఆయన ఆవులను చూస్తూ మీరూ నేర్చుకుంటారు. నిజం చెప్పాలంటే చాలామందికి నేను ఇచ్చే సలహా ఇదే.

నాన్నగారి విషయం నాకు కొంచెం భయంగా ఉంది. ఆయన ఎరిగిన పశువు ముకుతాడుకు లొంగుతుంది, పలుపుతో గుంజకు కట్టేస్తే నిలబడుతుంది, రోజూ మనిషి చేతి కింద పాలిస్తుంది. ఇక్కడి మాంసపు ఆవును పుట్టాక మనిషి తాకేది ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ ఇనుప చట్రంలో బిగించి. ఈనిన ఆవు దగ్గరకు “హా హా” అంటూ దూడను ముద్దు చేయబోతే తలతో ఎత్తి పడేస్తుంది. ఆ తెగువ దానిలో ఉండాలి కూడా, కొత్త దూడల మీదకు నల్ల రాబందులు దిగుతాయి. ఆ చట్రాన్ని ఇక్కడ చ్యూట్ అంటారు. మన దగ్గర మామునూరు పశువైద్య కళాశాలలో పశువును కదలకుండా నిలబెట్టే ట్రెవిస్ లాంటిదే, దీనికి తలను పట్టే గేటు ఉంటుంది. ఆవుల కంటే ముందు అది కొనండి, పాతదైనా సరే. జబ్బవాపు టీకాకూ, నట్టల మందుకూ, చూడి పరీక్షకూ అదే దిక్కు. ఆవులను శరదృతువులో కొంటే ఫిబ్రవరి, మార్చిలలో ఈనుతాయి, నాన్న వచ్చేసరికి దూడలు గట్టిపడి ఉంటాయి. ఆయనకు కంచె బయట కుర్చీ వేయండి. గడ్డి, నీళ్లు, ఏ ఆవు నలతగా ఉంది, ఏది ఎదకు వచ్చింది, ఇవన్నీ అక్కడి నుంచే మీకంటే ముందు ఆయన పసిగడతారు. లోపలికి వెళ్లే పని మాత్రం రైతులకు సలహాలిచ్చే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఏజెంటు దగ్గర మీరు నేర్చుకోండి, డబ్బు అడగరు.