పన్నెండు తీగల గిటారు, ఒక సాక్సఫోన్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికా రాక్ బ్యాండ్ బర్డ్స్ 1965లో చేసిన మొదటి రెండు ఆల్బమ్‌లంటే నాకు ప్రాణం. తియ్యటి గొంతులు, గలగలలాడే గిటారు, బాబ్ డిలన్ పాటలు. ఆ తర్వాత 1966 నాటి 'ఎయిట్ మైల్స్ హై' (ఎనిమిది మైళ్ల ఎత్తున) పాట విన్నాను. ఇది ఆ బ్యాండేనా అనిపించింది. కొన్ని నెలల్లోనే అంత మారిపోవడానికి మత్తుమందులే కారణమంటారు. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: మత్తుమందుల మాట పూర్తిగా అబద్ధమేం కాదమ్మా. పాట వచ్చిన రోజుల్లో బ్యాండువాళ్లు గట్టిగా కాదన్నారు. 1965 ఆగస్టులో లండన్‌కు చేసిన విమాన ప్రయాణం గురించే రాశామన్నారు. ఆ ప్రయాణం మాట నిజమే. తర్వాతి కాలంలో మాత్రం బ్యాండులోని డేవిడ్ క్రాస్బీ, జీన్ క్లార్క్ ఇద్దరూ మత్తు సంగతి కూడా అందులో ఉందని ఒప్పుకున్నారు. అయితే ఆ రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లో మత్తు తీసుకున్న సంగీతకారులకు కొదవ లేదు. వాళ్లెవరూ ఇలాంటి గిటారు వాయించలేదు. అందుకే నేను కారణాన్ని వేరేచోట వెతుకుతాను. వాళ్లు ఏం విన్నారో చూడాలి.

1965 నవంబరులో వాళ్లు అమెరికా అంతా బస్సులో తిరుగుతూ కచేరీలు చేశారు. క్రాస్బీ దగ్గర ఒక టేపు ఉండేది. అందులో రవిశంకర్ సితార్, జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్. దారి పొడవునా అదే మోగింది. ఆ టేపులో కోల్ట్రేన్ వాయించిన ఒక రచన పేరే 'ఇండియా'. 1961 నవంబరులో న్యూయార్క్‌లోని విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డు చేశారు. రెండు బేస్‌లు (మంద్రస్వరాల తీగ వాద్యాలు) కింద శ్రుతి పట్టినట్టు ఒకే చోట నిలబడి ఉంటే, పైన కోల్ట్రేన్ సొప్రానో సాక్సఫోన్‌తో విహరిస్తాడు. రవిశంకర్ మీద ఆయనకు ఎంత అభిమానమంటే, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. అంటే మన సంగీతం బర్డ్స్‌ను రెండు దారుల్లో చేరింది, నేరుగా ఒకటి, కోల్ట్రేన్ ద్వారా మరొకటి. ఈ పాటలో నాకు ఎక్కువగా వినబడేది రెండోదే.

మీరు ఒక పని చేయండి. పాటలో మొదటి అరనిమిషమే, మాటలు మొదలయ్యేలోపు, నాలుగైదుసార్లు వినండి. ముందు క్రిస్ హిల్‌మన్ బేస్ ఒక్కటే వస్తుంది, ఒకే పలుకును తిప్పి తిప్పి పలుకుతూ. తర్వాత తక్కినవాళ్లు చేరతారు. అప్పుడు రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల గిటారు అందుకుంటుంది. (అప్పటికి ఆయన పేరు ఇంకా జిమ్.) సోలో (గిటారు ముందుండి వాయించే భాగం) ఎత్తుకున్న మొదటి నాలుగు స్వరాలు 'ఇండియా'లోవే. అక్కణ్ణుంచి ఆ గిటారు ఇంక గిటారులా ప్రవర్తించదు. కాస్త ఊపిరి తీసుకున్నట్టు ఆగి, ఒక్కసారిగా స్వరాల గుంపును వదిలి, మళ్లీ ఆగుతుంది. ఊదే వాద్యాల పద్ధతి అది. అంతకుముందు ఏడాది అదే మనిషి, అదే రకం గిటారు మీద, పాడేవాళ్ల వెనక తీగలను ఒక్కొక్కటిగా మీటుతూ పాటను మోశాడు. ఇప్పుడు ముందుకొచ్చి తనే మాట్లాడాడు. నా దృష్టిలో ఫోక్ రాక్ (జానపదం కలిసిన రాక్) నుంచి సైకడెలిక్ రాక్‌కు (మత్తులోని అనుభవాన్ని తలపించే రాక్) మలుపు తిరిగింది సరిగ్గా ఇక్కడే. ఆ అరనిమిషం విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీరు ఇష్టపడే గొంతులు ఎక్కడికీ పోలేదు. సోలో ఆగగానే క్లార్క్, మెగ్విన్, క్రాస్బీ కలిసి పాడతారు, మొదటి ఆల్బమ్‌లో ఎంత నిమ్మళంగా పాడారో అంత నిమ్మళంగా. 1966 జులైలో వచ్చిన 'ఫిఫ్త్ డైమెన్షన్' ఆల్బమ్‌లో డిలన్ పాట ఒక్కటీ లేదు గానీ, పాతకాలపు జానపదాలు 'జాన్ రైలీ', 'వైల్డ్ మౌంటెన్ థైమ్' ఉన్నాయి. ముందు వాటితో మొదలుపెట్టండి, మిగతావి అలవాటవుతాయి.

ప్రశ్న: ఆ పాటలో సితార్ వాయించింది ఎవరు? రవిశంకరే వాయించారని ఒకాయన నాతో పందెం కాశారు. – ఒక పాఠకుడు

జవాబు: పందెం మీదేనండీ. అందులో సితారే లేదు. ఆ రోజుల్లో 'రాగా రాక్' (మన రాగాల ఛాయలున్న రాక్) అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది, బర్డ్స్ కూడా సితార్ గురించి పత్రికలవాళ్లతో ఉత్సాహంగా మాట్లాడారు. అందుకే ఈ అపోహ ఇంతకాలం నిలిచింది.

సితార్ లాంటి నాదం కావాలంటే ఆ రికార్డు రెండోవైపున్న 'వై' పాట వినండి. అదీ గిటారే. మెగ్విన్ ఒక పోర్టబుల్ రికార్డ్ ప్లేయర్‌లోంచి ఆంప్లిఫయర్, ఒక వాకీటాకీలోంచి స్పీకరు ఊడదీసి, రెండింటినీ చుట్టలు పెట్టుకునే కొయ్య పెట్టెలో బిగించి, బ్యాటరీలతో నడిపాడు. దాంతో స్వరం సాగి సాగి పలికేది. విన్న నాదాన్ని చేతిలో ఉన్న వస్తువులతో ఎలాగైనా పట్టుకోవాలన్న ఆ తపన నాకెంతో ఇష్టం.

పందెం కాసినాయన 'అయితే అది ఏ రాగం?' అని అడగవచ్చు. ఏ రాగమూ కాదని చెప్పండి. ఆ సోలో ఇ మైనర్ అనే స్కేలు (స్వరాల వరుస) చుట్టూ తిరుగుతూనే, స్కేలులో లేని స్వరాల మీదికి కూడా ధైర్యంగా దూకుతుంది. ఆరోహణ అవరోహణలతో దాన్ని కొలవబోతే చేతికేమీ చిక్కదు.

ప్రశ్న: నేను గిటారు విద్యార్థిని. నా దగ్గర పన్నెండు తీగల ఎకౌస్టిక్ ఉంది. ఆ సోలో ఎంత వేగంగా వాయించినా ఆ నాదం రావడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: లోపం నీ వేళ్లలో లేదు నాయనా. మెగ్విన్ వాయించింది రికెన్‌బ్యాకర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటారు. స్టూడియోలో దాన్ని కంప్రెసర్ గుండా పంపి రికార్డు చేశారు. కంప్రెసర్ మీటిన క్షణంలోని దెబ్బను అణచి, వెనక సన్నగిల్లే నాదాన్ని పైకి లేపుతుంది. అది లేకపోతే పన్నెండు తీగల మీద వేగంగా వాయించిన స్వరాలు గచ్చు మీద గోళీలు రాలినట్టు విడివిడిగా పడతాయి. అది ఉంటే ఒకదానిలోకి ఒకటి సాగుతాయి, ఊదినట్టు వినబడతాయి.

కుడిచేతి సంగతీ ఉంది. మెగ్విన్ షికాగోలోని ఓల్డ్ టౌన్ స్కూల్ ఆఫ్ ఫోక్ మ్యూజిక్‌లో బాంజో కూడా నేర్చుకున్నవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మామూలు పిక్, తర్వాతి రెండు వేళ్లకు లోహపు పిక్‌లు. జానపద సంగీతం నేర్పిన ఆ చెయ్యే జాజ్ వైపు నడిచింది. కాబట్టి ఫోక్ వదిలేసి సైకడెలిక్ నేర్చుకుందామనుకోకు, పునాది అక్కడే ఉంది.

సాధనకు నా సలహా: కొన్నాళ్లు ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెల్లో చూపే కాగితం) పక్కన పెట్టు. 'ఇండియా' విను, అందులో ఒక చిన్న వాక్యాన్ని నోటితో పాడు, ఊపిరి ఎక్కడ తీసుకున్నావో గుర్తుపెట్టుకో. తర్వాత ఆరు తీగల గిటారు మీద అంతే వాయించు. వేగం ఆఖరున చూసుకోవచ్చు.

ప్రశ్న: ఈ పాటకు రెండు రికార్డింగులు ఉన్నాయట. ఏది వినాలి? అమెరికాలో ఇది నంబర్ వన్ అయిందా? – ఒక పాఠకుడు

జవాబు: కాలేదు. 1965లో రెండు పాటలతో నంబర్ వన్ అందుకున్న బ్యాండ్, 1966 మార్చిలో విడుదలైన ఈ పాటతో 14 దగ్గర ఆగింది. బ్రిటన్‌లో 24. ఇది మత్తుమందుల పాట అని రేడియో స్టేషన్లకు సలహాలిచ్చే గావిన్ రిపోర్ట్ రాయడంతో చాలాచోట్ల వేయడం మానేశారు. అదొక్కటే కారణమని నేననుకోను. అలాంటి సోలో రేడియో వినేవాళ్లకు అప్పటికి బొత్తిగా కొత్త. పైగా పాట రాసినవాళ్లలో ముఖ్యుడు జీన్ క్లార్క్, విమానమెక్కాలంటే భయపడే మనిషి, ఆ సమయంలోనే బ్యాండు వదిలేశాడు.

రెండు రికార్డింగుల మాట నిజమే. 1965 డిసెంబరు 22న హాలీవుడ్‌లోని ఆర్‌సీఏ స్టూడియోలో ఒకసారి పాడారు. బయటి స్టూడియోలో చేసింది విడుదల చేసేది లేదని కొలంబియా కంపెనీ పట్టుబట్టడంతో జనవరిలో కొలంబియా స్టూడియోలోనే మళ్లీ చేశారు. మనం విన్నది ఆ జనవరిదే. డిసెంబరుది 1987 దాకా బయటికి రాలేదు. మెగ్విన్, క్రాస్బీలకు అదే ఎక్కువ ఇష్టం. నా ఓటు జనవరిదానికి. గిటారు మరింత పదునుగా, కుదురుగా ఉంటుంది. డిసెంబరుదాంట్లో తెగింపు ఎక్కువ. 'ఫిఫ్త్ డైమెన్షన్' ఆల్బమ్ 1996 సీడీలో రెండూ ఉన్నాయి. డిసెంబరుది ముందు వినండి.