ఆఫర్ లెటర్ చేతికి రాకుండా మానేయకు చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బెంగళూరు కంపెనీలో మూడు రౌండ్లూ దాటావని విని ఎంత పొంగిపోయానో, హెచ్‌ఆర్ అమ్మాయి ‘వారంలో చెబుతాం’ అన్న మాట పట్టుకుని అరండల్‌పేటలో చేస్తున్న ఉద్యోగం మానేస్తానంటున్నావని విని అంత భయపడ్డాను. నిద్ర పట్టలేదు.

రెజ్యూమే కంపెనీని బట్టి మార్చుకో, ఎవరికి ఎప్పుడు పంపావో రాసిపెట్టుకో, డబ్బు అడిగేవాళ్ల జోలికి పోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

1992లో నేను బ్రాడీపేటలో చిన్న స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆఫీసు ఇంటర్వ్యూకి వెళితే, అక్కడి పెద్దాయన నా టైపింగ్ చూసి "బాగుందమ్మా, లెటర్ పంపుతాం" అన్నాడు. మర్నాడే స్కూల్లో మానేస్తున్నానని చెప్పేశాను! రోజూ పదకొండింటికి గుమ్మంలో నిలబడేదాన్ని, పోస్ట్‌మాన్ పాపం వీధి మలుపులోనే లేదని చెయ్యి ఊపేవాడు. మీ తాతయ్య ఒక్క మాట అడిగేవారు కాదు, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు పనికి పిలిచినా, ఈలోగా ఆ లెటర్ వస్తే ఎలా అని వెళ్లలేదు. అలా రెండు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి బస్సెక్కి వెళ్లి చూస్తే ఆ సీట్లో ఎవరో పని చేసుకుంటున్నారు. 15 పైసల కార్డు ముక్క రాసి ఉంటే ఏం పోయేది వాళ్లకి?

ఇప్పుడైనా అంతే. ముందు ఎంచుకున్నవాళ్లు నోటీసు పీరియడ్ ముగించుకుని చేరేదాకా నమ్మకం ఉండదు గనక, రెండోవాళ్లకి అవుననీ కాదనీ చెప్పకుండా ఆపి ఉంచుతారు. కెనడాలోని ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి, 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు, ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేసినవాళ్లకి 45 రోజుల్లోపు సంగతి చెప్పి తీరాలి. మన దగ్గర ప్రైవేటు కంపెనీలని అలా అడిగేవాళ్లు లేరు, నీ జాగ్రత్త నీదే.

వారం దాటితే మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, ఇంకో వారానికి ఇంకొకటి, అంతే. జీతం, చేరే తేదీ రాసిన కాగితం రాకుండా రాజీనామా మాటెత్తావో, నేనే వచ్చి మీ మేనేజర్‌తో మాట్లాడతా, తర్వాత నన్ను తిట్టుకోకు.

కబురు రాకపోతే తలుపేసుకుని కూర్చోకమ్మా, నేను అలాగే కూర్చున్నాను, అందుకే చెబుతున్నా. ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా. గోంగూర పచ్చడి చేస్తాను, తిని ఇంకో నాలుగు కంపెనీలకి ఇక్కణ్ణించే పంపుదువుగాని.

మీ అత్త