గుర్రపు స్వారీ పోనీ టీమ్ ట్రయల్స్ కోసం చదువు తగ్గించాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్ వచ్చి నాలుగేళ్ళయింది. మా అమ్మాయి 2011 నవంబరులో పుట్టింది, ఇప్పుడు ఇయర్ 9 చదువుతోంది. వచ్చిన కొత్తలో సరదాగా గుర్రపు స్వారీ మొదలుపెట్టి, పోనీ (పొట్టి జాతి గుర్రం) క్లబ్‌లో చేరి, ఇప్పుడు ఈవెంటింగ్ (మూడు అంచెల గుర్రపు స్వారీ) పోటీల్లో బీఈ (బ్రిటిష్ ఈవెంటింగ్) 90 స్థాయి దాకా వచ్చింది. "వచ్చే ఏడాది బ్రిటన్ పోనీ టీమ్ ట్రయల్స్‌కి (జట్టు ఎంపిక పోటీలకి) ప్రయత్నించవచ్చు, కాకపోతే ఇంతకన్నా మంచి పోనీ కావాలి" అన్నారు వాళ్ళ కోచ్. అప్పట్నుంచి ఇంట్లో ఇదే గొడవ. జీసీఎస్‌ఈలో (పదహారేళ్ళప్పుడు రాసే స్కూలు పరీక్షల్లో) ట్రిపుల్ సైన్స్ (మూడు సైన్సులూ విడివిడిగా) వద్దు, కంబైన్డ్ (మూడూ కలిపి, తక్కువ సిలబస్‌తో) చాలు అంటోంది. ఆన్‌లైన్ స్కూలుకి మారతానంటోంది. మావారేమో ఇదంతా పిచ్చి అంటున్నారు. దీన్ని కెరీర్‌గా నమ్ముకోవచ్చా? మా అందరివీ ఇంకా ఇండియా పాస్‌పోర్టులే.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కగా రాసి వదిలేసిన పాస్‌పోర్టు సంగతితోనే మొదలుపెడతాను. పోనీ కొనాలా వద్దా అన్నది కూడా అక్కడే తేలుతుంది.

గుర్రపు స్వారీలో అంతర్జాతీయ పోటీలను నడిపేది ఎఫ్‌ఈఐ అనే సమాఖ్య. దాని నియమాల ప్రకారం ఎవరైనా తమ పౌరసత్వం ఏ దేశానిదో ఆ దేశం తరఫునే దిగాలి. ఎక్కడ ఉంటున్నారు, ఏ స్కూల్లో చదువుతున్నారు, ఏ క్లబ్‌లో సభ్యత్వం ఉంది అన్నవి లెక్కలోకి రావు. బ్రిటన్‌లో పోనీ టీమ్‌ని ఎంచేదే యూరోపియన్ ఛాంపియన్‌షిప్ కోసం. కాబట్టి బ్రిటిష్ పౌరసత్వం లేని అమ్మాయి సెలెక్టర్లకు ఎంత నచ్చినా వాళ్ళు తీసుకోలేరు. సరే, ఇండియా తరఫున వెళ్దామంటే, అది యూరప్ దేశాల మధ్య జరిగే పోటీ.

ఇక వయసు. పోనీ విభాగంలో 12 ఏళ్ళు నిండే సంవత్సరం జనవరి నుంచి 16 నిండే సంవత్సరం డిసెంబరు దాకా పోటీ చేయవచ్చు. మీ అమ్మాయికి 2027లో 16 నిండుతాయి. అంటే ఆమె చేతిలో ఉన్నవి 2026, 2027 సీజన్లే. అదే క్లాసులో 2012 ఫిబ్రవరిలో పుట్టిన అమ్మాయికి 2028 కూడా ఉంటుంది. స్కూలు సెప్టెంబరు నుంచి లెక్కపెడుతుంది, ఎఫ్‌ఈఐ జనవరి నుంచి లెక్కపెడుతుంది. సెప్టెంబరు-డిసెంబరు మధ్య పుట్టిన పిల్లలు ఇక్కడ ఒక ఏడాది నష్టపోతారు. తల్లిదండ్రుల్లో చాలామంది దీన్ని గమనించరు.

2027 వేసవిలోగా మీ అమ్మాయికి పౌరసత్వం వస్తుందా? సెటిల్‌మెంట్ (శాశ్వత నివాస అనుమతి), ఆ తర్వాత పౌరసత్వం, పిల్లల రిజిస్ట్రేషన్: ఇవన్నీ వరుసగా జరగాల్సినవి, నిబంధనలూ మారుతుంటాయి. గుర్తింపు ఉన్న ఇమ్మిగ్రేషన్ సలహాదారును అడగండి. నా అంచనా అయితే, ఆ గడువులోగా కాదనే. పైగా మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. ఇటు తీసుకుంటే అటు వదులుకోవాలి. అది కుటుంబమంతా కూర్చుని వేరే కారణాలతో తేల్చుకోవాల్సిన విషయం. రెండు సీజన్ల పోనీ కోసం తేల్చేది కాదు.

కోచ్‌ని తప్పుపట్టకండి. వాళ్ళ కళ్ళు జీను మీద పిల్ల ఎలా కూర్చుందో చూస్తాయి, పాస్‌పోర్టు అడగాలని తట్టదు. అలాగని స్వారీ మాన్పించేయకండి. జాతీయ స్థాయి పోటీల్లో దిగడానికి సభ్యత్వం ఉంటే చాలు. పోనీల తర్వాత జూనియర్ విభాగం ఉంది. అది 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి, పెద్ద గుర్రాల మీద. మీ అమ్మాయికి అది 2029 చివరిదాకా ఉంటుంది. కాబట్టి సెలక్షన్ ఎలా జరుగుతుందో ఇప్పుడే తెలుసుకుంటే నష్టం లేదు.

ఈవెంటింగ్ అంటే డ్రెస్సాజ్ (గుర్రాన్ని నిర్ణీత కదలికలతో నడిపించి చూపడం), క్రాస్ కంట్రీ (ఆరుబయట అడ్డంకులు దూకుతూ పరుగు), షో జంపింగ్ (బరిలో కర్రల అడ్డంకులు దూకడం) మూడూ కలిసిన పోటీ. పెనాల్టీలు తక్కువ వచ్చినవాళ్ళే గెలుస్తారు. డ్రెస్సాజ్‌లో 70 శాతం వస్తే 30 పెనాల్టీలతో మొదలవుతారు. షో జంపింగ్‌లో ఒక కర్ర పడితే 4. క్రాస్ కంట్రీలో పోనీ ఒక్కసారి మొరాయిస్తే 20, అదే అడ్డంకి దగ్గర మళ్ళీ మొరాయిస్తే ఇంకో 40. స్వారీ చేసేవాళ్ళు క్రాస్ కంట్రీలో కింద పడితే పోటీ అక్కడితో సరి. ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని తీసుకోండి. ఒకమ్మాయి డ్రెస్సాజ్‌లో 70 శాతం తెచ్చుకుంది, క్రాస్ కంట్రీలో పోనీ ఒకసారి ఆగిపోయింది. మొత్తం 50. ఇంకో అమ్మాయికి 64 శాతమే వచ్చింది, అంటే 36. ఒక కర్ర పడగొట్టింది, క్రాస్ కంట్రీ మాత్రం నల్లేరు మీద నడకలా సాగింది. మొత్తం 40. తెల్లారి ఫోటోల్లో మొదటి అమ్మాయే అందంగా కనిపిస్తుంది. సెలెక్టరు నోట్‌బుక్‌లోకి రెండో పేరు ఎక్కుతుంది.

దీనికి కారణం టీమ్ లెక్కలో ఉంది. టీమ్‌లో నలుగురు దిగుతారు, అందులో మెరుగైన ముగ్గురి స్కోర్లు కలుపుతారు. ఒకరు దెబ్బతిన్నా బండి నడుస్తుంది, ఇద్దరు ఎలిమినేట్ అయితే దేశం మొత్తం పట్టికలో కిందికి జారిపోతుంది. అందుకే సెలెక్టర్లు ఒకరోజు మెరిసి ఇంకోరోజు మాయమయ్యే జంటకన్నా, ప్రతిసారీ శుభ్రంగా ఇంటికొచ్చే జంటనే కోరుకుంటారు. జంట అని ఎందుకంటున్నానంటే, అర్హత పిల్లకి విడిగా, పోనీకి విడిగా రాదు. ఇద్దరూ కలిసి సంపాదించాలి. ఎఫ్‌ఈఐ కనీస అర్హత ఫలితం అంటే డ్రెస్సాజ్‌లో 45 పెనాల్టీలు దాటకూడదు, క్రాస్ కంట్రీలో అడ్డంకుల దగ్గర మొరాయింపులు ఉండకూడదు, షో జంపింగ్‌లో 16 దాటకూడదు, సమయం విషయంలోనూ ఒక హద్దు ఉంది. ఇది గేటు దాటడానికి టికెట్ మాత్రమే. ఆ తర్వాత ట్రయల్స్‌లో పోనీ వారం వారం ఎలా కోలుకుంటోంది, పిల్ల ఒత్తిడిలో కోచ్ మాట వింటోందా, పక్కవాళ్ళ పోనీకి నీళ్ళు పెట్టడానికి చేయి కలుపుతోందా అన్నవన్నీ చూస్తారు. ట్రయల్‌లో ఫస్ట్ వచ్చినవాళ్ళు ఇంట్లో ఉండిపోయి, నాలుగో స్థానం వాళ్ళు టీమ్‌లోకి వెళ్ళడం ఇక్కడ వింతేమీ కాదు. మన ఇళ్ళల్లో ర్యాంకుకి అలవాటుపడిన కళ్ళకి ఇది అన్యాయంలా కనిపిస్తుంది. ఎంట్రన్స్ ర్యాంకుల్లో కౌన్సెలింగ్ జరిగినట్టు ఇక్కడ జరగదని మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.

అంతా అయ్యాక, ఛాంపియన్‌షిప్‌లో వెటర్నరీ ప్యానెల్ ముందు పోనీని ట్రాట్‌లో (చిన్న పరుగులాంటి నడకలో) నడిపించి చూపించాలి. కాస్త కుంటినట్టు అనిపించినా పక్కన పెట్టేస్తారు. ఏడాది కష్టం నిమిషంలో పోయే చోటు అది.

మీ అమ్మాయి ఇప్పుడు బీఈ 90లో ఉంది, అంటే 90 సెంటీమీటర్ల అడ్డంకులు, నిమిషానికి 450 మీటర్ల వేగం. బీఈ 100లో అది 475 అవుతుంది, దానిపైన నావిస్‌లో అడ్డంకి 1.10 మీటర్లు, వేగం 520. అంతర్జాతీయ పోనీ ట్రయల్స్ స్థాయికి వెళ్ళాలంటే బీఈ 100ని సునాయాసంగా దాటి నావిస్ వైపు చూడగలగాలి. ఒక్క శీతాకాలంలో ఇంత ఎక్కించాలని చూస్తే పిల్లకన్నా ముందు పోనీ నమ్మకం చెదురుతుంది. పడిపోవడాలు కూడా అప్పుడే ఎక్కువ. తలకి దెబ్బ తగిలి కన్‌కషన్ అని తేలితే కొన్నాళ్ళు తప్పనిసరిగా స్వారీ ఆపాలి. ఆ రోజుల్లో పరీక్షలుంటే చదువు మీదా దెబ్బ పడుతుంది.

మంచి పోనీ సంగతి. నా సలహా: కొనకండి. ట్రయల్స్ తెలిసిన పోనీలు ఒక ఇంట్లో పిల్ల పెద్దదైపోగానే ఇంకో ఇంటికి చేరుతుంటాయి. చాలావరకు లోన్ మీద (అంటే కొనకుండా, కొంతకాలం వాడుకోవడానికి) కూడా దొరుకుతాయి. మీ అమ్మాయికి ఇంకో రెండు వేసవులే ఉన్నాయి, ఆ వయసులో పిల్లలు తాటిచెట్టులా పెరుగుతారు కూడా. లోన్ తీసుకుంటే కాగితం మీద రాయించుకోండి: నాడాలకి, వెట్‌కి (పశువైద్యుడికి) ఎవరు కట్టాలి, ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద, పోనీకి గాయమైతే ఏం చేయాలి అన్నవి. కొనాల్సిందే అని పట్టుబడితే మాత్రం అమ్మేవాళ్ళ వెట్‌తో కాకుండా మీరు పెట్టుకున్న వెట్‌తో ఫైవ్ స్టేజ్ వెట్టింగ్ (ఐదు దశల ఆరోగ్య పరీక్ష) చేయించండి. ఎత్తు కూడా చూడండి. నాడాలు లేకుండా 148 సెంటీమీటర్లు దాటితే ఎఫ్‌ఈఐ దృష్టిలో అది పోనీ కాదు. సరిగ్గా హద్దు మీదున్న పోనీ విషయంలో అమ్మేవాళ్ళ నోటిమాటని నమ్మవద్దు.

పోనీ ధర ఒక్కటే చూసి లెక్క వేసుకునే తల్లిదండ్రులు నెలవారీ ఖర్చు దగ్గర తడబడతారు. లివరీ (గుర్రాన్ని వేరేవాళ్ళ శాలలో ఉంచినందుకు కట్టేది), మేత, కొన్ని వారాలకోసారి నాడాలు, కోచింగ్, ఎంట్రీ ఫీజులు, రవాణా. 2021 డిసెంబరు నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల ట్రైలర్ లాగవచ్చు. అలాంటి లైసెన్సు ఉన్నంత మాత్రాన ట్రైలర్‌లో గుర్రం కదులుతుంటే నడపడం రాదు, నేర్చుకోండి.

చదువు విషయంలో మీవారితో పూర్తిగా ఏకీభవించను, మీ అమ్మాయితోనూ కాదు. ఇంగ్లండ్‌లో సైన్స్, మ్యాథ్స్ ఎలాగూ జీసీఎస్‌ఈ దాకా తప్పవు. ఉన్న తేడా ట్రిపులా, కంబైన్డా అన్నదే. మీ స్కూల్లో ట్రిపుల్ సైన్స్ మామూలు టైమ్‌టేబుల్‌లోనే చెబితే వదలకండి. స్కూలు అయ్యాక ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టి చెబితే, కంబైన్డ్‌లో మంచి గ్రేడ్లు తెచ్చుకోవడమే నయం. అయితే ఆ నిర్ణయానికి ముందు మీరు ఆశిస్తున్న సిక్స్త్ ఫారమ్‌ని (జీసీఎస్‌ఈ తర్వాత చదివే రెండేళ్ళ కోర్సు చోటు) ఎ-లెవెల్ బయాలజీ, కెమిస్ట్రీకి ఏం అడుగుతారో కనుక్కోండి. ఎందుకంటే గుర్రాలతో ముడిపడ్డ వృత్తుల్లో నిలకడైనవన్నీ ఆ రెండు సబ్జెక్టుల చుట్టూ తిరుగుతాయి. ఆన్‌లైన్ స్కూలు మాత్రం వద్దు. పోటీలు ఎక్కువ వారాంతాల్లోనే ఉంటాయి. అంతర్జాతీయ పోటీకి రెండు మూడు స్కూలు రోజులు పోతే హెడ్‌టీచర్‌కి ముందుగా లెటర్ రాసి అనుమతి అడగండి. లక్కీగా, మీ అమ్మాయి చివరి పోనీ సీజన్ ఇయర్ 10లో ముగుస్తుంది, జీసీఎస్‌ఈ 2028 వేసవిలో. ఢీకొనవు.

కెరీర్‌గా నమ్ముకోవచ్చా అన్నారు. పోనీల మీద మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. లారా కాలెట్ చిన్నప్పుడు పోనీల మీద పేరు తెచ్చుకున్నారు, 2022లో బ్యాడ్మింటన్ అనే ఊళ్ళో జరిగే పెద్ద ఈవెంటింగ్ పోటీ గెలిచారు, పారిస్ 2024లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచారు. మన ఫౌవాద్ మీర్జా దారి వేరు. ఆయన బెంగళూరు నుంచి వచ్చి, 2018 ఆసియా క్రీడల్లో వ్యక్తిగత, టీమ్ రజతాలు తెచ్చారు, టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచారు. యూరోపియన్ పోనీ టీమ్ ఆయన దారిలో లేదు. భారత పాస్‌పోర్టుతో కూడా పెద్దయ్యాక అంతర్జాతీయంగా పోటీ చేయవచ్చని మీ అమ్మాయికి చూపించడానికి ఆయన చాలు. కానీ ఇలాంటి వాళ్ళ జీవనం ప్రైజ్ మనీ మీద నడవదు. ఇతరుల గుర్రాలకి శిక్షణ ఇవ్వడం, కుర్ర గుర్రాలని తయారుచేసి అమ్మడం, కోచింగ్, స్పాన్సర్లు: ఇదే అసలు వ్యాపారం.

ఇంతకన్నా గట్టి దారులు కొన్ని ఉన్నాయి. గుర్రాల వెట్ అవ్వాలంటే ఐదేళ్ళ డిగ్రీ, చాలా యూనివర్సిటీలు కెమిస్ట్రీ, బయాలజీతో పాటు జంతువులతో పనిచేసిన అనుభవం అడుగుతాయి. మీ అమ్మాయి దగ్గర ఆ అనుభవం ఇప్పటికే ఉంది. ఫారియర్ అంటే నాడాలు కొట్టే వృత్తి. 1975 చట్టం ప్రకారం రిజిస్టర్ అయినవాళ్ళు తప్ప ఎవరూ చేయకూడదు, నాలుగేళ్ళ అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. డిగ్రీ చదువుతూ స్వారీ కొనసాగించాలంటే గ్లాస్టర్‌షైర్‌లోని హార్ట్‌పరీ యూనివర్సిటీ లాంటివి ఉన్నాయి. 2018 పోనీ యూరోపియన్ ఛాంపియన్‌షిప్ జరిగిన బిషప్ బర్టన్ కూడా ఒక కాలేజీయే. కోచ్‌గా వెళ్ళాలనుకుంటే బ్రిటిష్ హార్స్ సొసైటీ పరీక్షలు స్టేజీలుగా ఉంటాయి, పోనీ క్లబ్ టెస్టులతో పాటే తయారు కావచ్చు.

ఈ సీజన్‌కి నా మాట ఇది. ఉన్న పోనీ మీదే బీఈ 100కి వెళ్ళనివ్వండి, తొందర లేదు. ట్రయల్స్ జరిగే చోటికి ఒకసారి ప్రేక్షకులుగా వెళ్ళండి, మీవారిని కూడా తీసుకెళ్ళండి. కోచ్‌తో మాట్లాడేటప్పుడు పాస్‌పోర్టు సంగతి మొదటే చెప్పి, "టీమ్ లక్ష్యం తీసేస్తే మా అమ్మాయికి మీరిచ్చే ప్లాన్ ఏమిటి?" అని అడగండి. జూనియర్ గుర్రం వైపు నెమ్మదిగా తీసుకెళ్దాం అంటే ఆ కోచ్ దగ్గరే ఉండండి. అప్పటికీ కొత్త పోనీ కొనమనే అంటుంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.